లంగరు రాయి

వేమనపల్లి రేవులో పడవ దిగుతుంటే
ముందు నా కాలికి తగిలింది, తర్వాతే కంటికి.
నైలాన్ తాడు నాలుగు చుట్లు చుట్టుకుని
ఇసుకలో సగం కూరుకుని ఉంది,
బోయిని ఓదెలు పడవను ప్రాణహిత ఎత్తుకుపోకుండా
పట్టి ఉంచే రాయి.

తాడు కింద వలయాలు.
ఒకదాన్ని ఒకటి చుట్టుకున్న గోరంత మందం పొరలు.

"ఉల్లిగడ్డ రాయి మేడం" అన్నాడు ఓదెలు,
"తొంభై అయిదు వరదల వచ్చి ఒడ్డుకు పడ్డది."
చిల్లర వసూలు చేసే పిల్లగాడు
"రాక్షసబల్లి గుడ్డు కావచ్చు, టీవీల వస్తదా?" అన్నాడు.
గడ్డిమోపుతో దిగిన అవ్వ అడక్కుండానే తేల్చేసింది:
"ఏనుగు దవడపన్ను. మా మామ చెప్పిండు."

భూతద్దం తీసి మోకాళ్ల మీద కూర్చున్నాను.
ఇసుక చీరలోంచి కాలింది.

చెట్టు మొద్దు కాదు. చెట్టయితే నడుమ నుంచి అంచుకు
సైకిల్ చువ్వల్లా గీతలు పోవాలి.
పగడం కాదు. పగడం ఇంట్లో గదులుంటాయి,
ఈ ఇంటికి గోడల్లేవు, అన్నీ పైకప్పులే.
గుడ్డు కాదు. పిల్లగాడు అటు తిరిగి నీళ్లలోకి రాయి విసిరాడు.
పన్ను కాదు. అవ్వ నన్ను నమ్మలేదు.

సీసా మూత తీసి ఒక చుక్క ఆమ్లం వేశాను.
ఏమీ కాలేదు.
మేకుతో గీకి, రాలిన పిండి మీద ఇంకో చుక్క.
అప్పుడు పొంగింది, కల్లు ముంత అంచున నురగలా.
చెవి దగ్గర పెడితే సన్నగా చిటపట.
ఆ బుడగల్లోది ఏనాటి గాలో చెప్పబోయాను,
గొంతు రాలేదు.

దీనికి ఎముక లేదు, గవ్వ లేదు, మొహం లేదు.
లోతులేని ఉప్పునీళ్ల అడుగున బంక,
బావి మెట్ల మీద కాలు జారే పాకురు లాంటిదే.
ఎండ కోసం ఎగబాకింది.
మీద ఒండు పడితే, ఆ ఒండు మీదికి మళ్లీ.
చేపలు పుట్టకముందు, గడ్డిపరక మొలవకముందు
ఇలాంటివే వదిలిన ఊపిరి
ఇప్పుడు అవ్వ మోపు కింద ఎగపోసుకుంటున్నది.

పుస్తకంలో పేరు స్ట్రొమటోలైట్.
ఓదెలు రెండుసార్లు నాలుక తిప్పి చూసి
"పాకురు రాయి" అన్నాడు.
రెండూ రాసుకున్నాను.

"ఎన్నేండ్లదుంటది?"
"వంద కోట్లు. కొంచెం అటూ ఇటూ."
"అటూ ఇటూ అంటే?"
"ఓ పది కోట్లు."
బీడీ పక్కకు తీసి నవ్వాడు.
"పాసుబుక్కుల రెండు గుంటలు అటూ ఇటూ అయితే
మూడేండ్లు తిప్పిండ్రు మమ్ముల ఆఫీసు చుట్టూ."

ఓదెలు సముద్రం చూడలేదు.
రొయ్యల చెరువుల పనికి పోయిన తమ్ముడు ఫోన్‌లో చూపించాడట,
సిగ్నల్ లేక అలలు ఆగి ఆగి వచ్చాయట.

పెన్‌గంగ దొర్లించి వార్ధాకు ఇచ్చి ఉంటుంది,
వార్ధా ప్రాణహితకు.
వేలితో ఇసుక మీద గీసి చూపించాను.
అతను ఆ గీత చివర, తన కాళ్ల దగ్గర
చాలాసేపు చూశాడు.
"అంటే ఇన్నేండ్ల సంది
నా పడవ సముద్రానికి కట్టేసున్నదా?"

రాయి అడగాలని వచ్చింది నోటిదాకా. వరంగల్‌లో
మా కాలేజీ అద్దాల బీరువాలో ఖాళీ అర ఉంది.
"చిన్న పెచ్చు తీస్కోండ్రి" అన్నాడు తనే,
"రేపు అవతలి ఒడ్డుకు సంత. లంగరు లేకుంటె ఎట్ల?"

పెచ్చు ఊడిన చోట
గిన్నెల దొంతర బయటపడింది.
ఉబ్బు ఎటుంటే అటు వాటి ఆకాశం.
బోర్లించి ఉండాల్సిన గిన్నెలు
వెల్లకిలా ఉన్నాయి.

"తలకిందులుగా ఉంది ఓదెలన్నా."

అతను బీడీ పారేసి, చేతులు లుంగీకి తుడుచుకుని,
ఇసుకలోంచి పెకిలించి తిప్పి పెట్టాడు.
తాడు మళ్లీ బిగించాడు.

"ఇట్లనా?"

"అట్లనే."